క్రేన్ పెండెంట్ మీద ‘ఫార్వర్డ్’ అంటే ఎటు?

కంట్రోల్ ప్యానెళ్ల తయారీలో బటన్ల పేర్లు చాలాసార్లు ఆఖరి రోజున, నేమ్‌ప్లేట్లు చెక్కేవారికి జాబితా పంపవలసిన గంటలో ఖరారవుతాయి. అందువల్లనే డ్రాయింగులో కాంటాక్టర్‌కు (మోటారుకు కరెంటును కలిపే, తెంచే స్విచ్‌కు) ఉన్న పేరే ప్యానెల్ తలుపు మీదికీ ఎక్కుతుంది. ‘ఎం2 ఆన్’ అంటే వైరింగ్ చేసినవారికి ఇట్టే అర్థమవుతుంది. యంత్రం ముందు నిలబడినవారికి ఎం2 కూలెంట్ పంపో, చిప్ కన్వేయరో ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నొక్కితే ఏది కదులుతుంది, ఎటు కదులుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబివ్వని లేబుల్‌ను నేను లేబుల్‌గా లెక్కించను.

రెండో ప్రశ్న ఎంత చిక్కుదో ఈఓటీ క్రేన్ (షెడ్డులో తలకు పైన పట్టాల మీద నడిచే విద్యుత్ క్రేన్) దగ్గర తెలుస్తుంది. పైనుంచి కేబుల్‌కు వేలాడే బటన్ల పెట్టెను, అంటే పెండెంట్‌ను, చేత పట్టుకొని ఆపరేటర్ లోడ్ వెంట నడుస్తాడు, అడ్డం వస్తే పక్కకు తిరుగుతాడు. తిరిగిన మరుక్షణం ‘లెఫ్ట్’, ‘రైట్’, ‘ఫార్వర్డ్’, ‘రివర్స్’ అన్నవి అతని చేతిలోనే తారుమారవుతాయి. అందుకే అనుభవజ్ఞులు బటన్‌ను ముందు ఒక్క క్షణం నొక్కి వదిలి, క్రేన్ ఎటు జరిగిందో చూసుకొని, ఆ తర్వాతే నడుపుతారు. దీన్ని జాగ్రత్త అని మెచ్చుకుంటాం గానీ, నిజానికి లేబుల్ చేయవలసిన పనిని అక్కడ వేలు చేస్తోంది. పెండెంట్ మీద ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని చెక్కించి, అవే అక్షరాలను బాణం గుర్తులతో, కిందినుంచి కనిపించేంత పెద్దగా క్రేన్ గర్డర్ (అడ్డదూలం) మీద రాయించడం దీనికి సరైన విరుగుడు. వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చినవారు కలిసి పనిచేసే షెడ్డులో ఏ భాష రాయాలన్న తగవు కూడా బాణం గుర్తుతో సగం తీరుతుంది.

అయితే అక్షరం ఎంత స్పష్టంగా ఉన్నా, మరమ్మతు తర్వాత మోటారుకు వెళ్లే మూడు ఫేజు తీగల్లో రెండు అటూ ఇటూ అయితే మోటారు ఎదురు దిశలో తిరిగి, అది అబద్ధమైపోతుంది. ‘అప్’ నొక్కితే హుక్ దిగుతుంది, ‘డౌన్’ నొక్కితే ఎక్కుతుంది. హుక్ పైఅంచుకు చేరగానే ఆపవలసిన పై లిమిట్ స్విచ్ తెంచేది ‘అప్’ కాంటాక్టర్ సర్క్యూట్‌నే. హుక్‌ను ఇప్పుడు పైకి లాగుతున్నది ‘డౌన్’ కాంటాక్టర్ కనుక లిమిట్ తగిలినా మోటారు ఆగదు. సరఫరాలో ఫేజుల వరుసను కనిపెట్టే ఫేజ్ సీక్వెన్స్ రిలే ఉంది కదా అని ఊరుకోవడానికీ లేదు, ఎందుకంటే మోటారు టెర్మినళ్ల దగ్గర జరిగిన తారుమారు ఆ రిలేకు తెలియదు. కేబుల్ విప్పి బిగించిన ప్రతిసారీ ఖాళీ హుక్‌తో ఒక్కొక్క బటన్‌నూ నొక్కి, లేబుల్ చెప్పినదే జరుగుతోందా అని చూడవలసిందే.

దీపాల లేబుళ్లదీ ఇదే ఇబ్బంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ఎక్కువైన ఒత్తిడిని వదిలే ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకొని ఇరుక్కుపోయింది. కంట్రోల్ గదిలోని దీపం వాల్వ్ స్థితిని కాక, దాన్ని నడిపే సోలనాయిడ్‌కు (విద్యుదయస్కాంతానికి) కరెంటు అందుతోందా లేదా అన్నదాన్ని మాత్రమే చూపేది. దీపం ఆరగానే వాల్వ్ మూసుకుందనుకున్నారు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరిచే నీరు బయటికి పోతూనే ఉంది. అందుకే ‘వాల్వ్ క్లోజ్డ్’ అన్న ప్లేటును, వాల్వ్ దగ్గర దాని స్థానాన్ని పసిగట్టే లిమిట్ స్విచ్ నిజంగా ఉంటే తప్ప, బిగించకూడదంటాను.

రంగుల విషయంలో యంత్రాల విద్యుత్ భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 స్పష్టంగానే ఉంది: స్టార్ట్‌కు ఎరుపు వాడరాదు, స్టాప్‌కు ఆకుపచ్చ వాడరాదు. కానీ ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేని మగవారు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉంటారు కనుక రంగు లేబుల్‌కు తోడు మాత్రమే. పసుపు నేపథ్యం మీద ఎర్రని పుట్టగొడుగు తలతో ఉండే ఎమర్జెన్సీ స్టాప్ ఒక్కటే మాటల అవసరం లేనిది. దాని పక్కన ఉత్త ‘రీసెట్’ అని ఉంటే మాత్రం అది ఫాల్ట్‌కా, కౌంటర్‌కా, ఎమర్జెన్సీ సర్క్యూట్‌కా అన్నది పూర్తిగా రాయాలి.

ప్లేటును బటన్‌కు పైన బిగించడం మేలు, కింద ఉంటే నొక్కే చేయే దాన్ని కప్పేస్తుంది. కటింగ్ ఆయిల్ తగిలే చోట స్టిక్కర్ కొన్నాళ్లకే ఊడిపోతుంది, తర్వాత ఎవరో మార్కర్‌తో తమకు తోచిన పేరు రాస్తారు. రెండు రంగుల పొరల షీటు మీద చెక్కించిన ప్లేటుకు రెండు స్క్రూలు బిగిస్తే ఆ అవసరం రాదు.