రెండో తాళంచెవి

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున ఆరున్నరకు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, మాకు తన పాత కారు అమ్మిన డాక్టరు గారి నుంచి ఫోను వచ్చింది. కారు మా ఇంటికి వచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఏదైనా కాగితం మీద సంతకం మిగిలిపోయిందేమోనని కంగారు పడ్డాను. "రెండో తాళంచెవి నా బీరువాలోనే ఉండిపోయిందమ్మా. సాయంత్రం వీలు చూసుకుని వచ్చి తీసుకెళ్ళు" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "కారులోనే రా" అన్నారు.

ఆ తాళం సంగతి నేను మరిచిపోలేదు, అడగడానికే మొహమాటపడ్డాను. ఈ కారు తాళం మామూలు ఇనుప తాళం కాదు. చేపపిల్లలా ఉండే నల్లటి బిళ్ళ. స్టీరింగు పక్కన గుంటలో పెట్టి తిప్పితే కారూ తాళమూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి, అప్పుడే ఇంజను కదులుతుంది. పోగొట్టుకుంటే సందు చివర తాళాలు చేసే అతని వల్ల కాదు. కారు కాగితాలు చూపించి కంపెనీ నుంచి తెప్పించుకోవాలి. అందుకే పదకొండు రోజులుగా ఉన్న ఒక్క తాళాన్నీ తాళిబొట్టులా చూసుకుంటున్నాను.

మాది 2008 నాటి మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్, డీజిల్, ఏపీ 31 నంబరు. పుణెలో బిగించిన బండి. ముందు నాలుగు కోడిగుడ్డు దీపాలు. విశాఖ లాసన్స్ బే కాలనీలో ఉండే ఈ విశ్రాంత వైద్యుడు కొత్తగా కొని, పదిహేడేళ్ళు తనే నడుపుకున్నారు. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. రాత్రిపూట ఎదురుగా వచ్చే బళ్ళ వెలుగు కళ్ళు తట్టుకోవడం లేదని ఈ మధ్యే అమ్మకానికి పెట్టారు. 4,10,000 రూపాయలకు నాకిచ్చారు. అప్పటికి మీటరు మీద లక్షా నలభై ఒక్క వేల ఎనిమిది వందల కిలోమీటర్లు ఉన్నాయి.

కొన్న రోజు సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజకు నిలబెడితే, వరుసలో ఉన్నవన్నీ షోరూము నుంచి నేరుగా వచ్చిన బళ్ళు. మాది ఒక్కటే పాతది. పూజారి గారు తేడా ఏమీ చూపలేదు, అదే కుంకుమ, చక్రాల కింద అవే నిమ్మకాయలు. మా మరిది మాత్రం ఇంటికొచ్చి చూసి, "ఏనుగును తెచ్చి గుమ్మంలో కట్టేశారు వదినా, మేత మాటేమిటి?" అన్నాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కొనడానికి ముందు ఎనిమిది నెలలు నేను వేసుకున్న ప్రశ్న అదే.

కారు ధర పడిపోతుంది, దాని విడిభాగాల ధర పడదు. పాత ఖరీదైన కారు కొనాలనుకునేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఇదే. నాలుగు లక్షలకు దొరికినా దీని బ్రేకు డిస్కు నాలుగు లక్షల కారు డిస్కు కాదు. కొత్తలో ముప్పై లక్షలు దాటిన కారు డిస్కు. ఇది మనసుకు పట్టనివాళ్ళు మొదటి పెద్ద బిల్లు రాగానే బండిని షెడ్డులో వదిలేస్తారు. అందుకే దీని ధర 4,10,000 అని నేను ఏనాడూ అనుకోలేదు, 5,60,000 అనుకున్నాను. లక్షన్నర విడిగా ఒక ఖాతాలో వేసి, ఆ పాసుపుస్తకం అట్ట మీద "కారు" అని రాసిపెట్టాను. ఆ లక్షన్నర చేతిలో లేకపోతే మిగతా నాలుగు లక్షలూ ఇందులో పెట్టకూడదు. ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

ఆ లెక్క సరిచూసుకోవడానికే కొత్త చిన్న కార్లూ చూశాం. అయిదున్నర లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి తీసుకుంటే అయిదేళ్ళ పాటు నెలకు పదకొండున్నర వేల పైచిలుకు వాయిదా. ఇంత పాత బండికి బ్యాంకులు సాధారణంగా అప్పు ఇవ్వవు, కాబట్టి కూడబెట్టిన సొమ్మే పెట్టాలి, పెట్టాను. దీని ధర పడవలసిందంతా డాక్టరు గారి దగ్గరే పడిపోయింది. నాకు మిగిలింది డీజిలు, బీమా, మరమ్మతు. ఊళ్ళో లీటరుకు పదీ పదకొండు కిలోమీటర్లు ఇస్తోంది. ఎన్ఏడీ దగ్గరి మా ఇంటి నుంచి గాజువాకలో మా కాలేజీకి రానూపోనూ ఇరవై ఆరు కిలోమీటర్లు, అంటే నెలకు అరవై లీటర్లు. ఇంజను 2,148 సీసీ కావడంతో బీమా పెద్ద తరగతిలోకి వస్తుంది. 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం థర్డ్ పార్టీకే ఏడాదికి 7,897 రూపాయలు, పైన పన్ను.

డీజిలే కావాలనుకోవడానికి నా చదువూ ఒక కారణం. పద్దెనిమిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. 2008 నాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు అంత ఇథనాల్‌ను తట్టుకోవాలని చేసినవి కావు. అలాగే ఈ మోడల్లో 2006 తర్వాతి బండే కావాలని పట్టుబట్టాను. అంతకు ముందు వీటికి ఎలక్ట్రానిక్ బ్రేకు పద్ధతి ఉండేది. 2006లో రూపం మార్చినప్పుడు మళ్ళీ మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టారు. అది మన ఆటోనగర్ చేతులకు బాగా తెలిసిన పని.

అయితే విశాఖలో పాత కారు కొనేవాళ్ళు ఇంజను మూత ఎత్తకముందే బండి కింద చూడాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరూ ప్రాణవాయువూ చాలు, ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. లాసన్స్ బే అంటే అలల మోత వినిపించేంత దగ్గర. కారు చూడటానికి వెళ్ళిన మొదటి రోజే గోనెసంచి పరుచుకుని, టార్చిలైటు పట్టుకుని కిందికి దూరాను. జాకీ పెట్టే చోట్లు, చక్రాల గూళ్ళ లోపలి అంచులు, బ్రేకు పైపులు అన్నీ వేలితో తడిమాను. పొగగొట్టం బిగింపుల మీద తప్ప ఎక్కడా పెచ్చు లేవలేదు. బయటికి వచ్చేసరికి డాక్టరు గారు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ప్రతి ఆదివారం కింద కూడా మంచినీళ్ళతో కడిగించేవాణ్ణి" అన్నారు. తర్వాత సీటు బెల్టులు చివరి దాకా లాగి చూశాను. నీళ్ళలో మునిగిన బండైతే చుట్ట లోపలి కొసన బురద గీత మిగులుతుంది. అక్కడ బట్ట శుభ్రంగా ఉంది.

డిక్కీ తలుపు రంగు మిగతా ఒంటి కంటే పిసరంత తెల్లగా కనిపించింది. నేను అడగకముందే ఆయన చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో పెరట్లోని వేపచెట్టు విరిగి డిక్కీ మీద పడిందట. ఫైలు తెరిచి అప్పటి ఫోటోలు, మార్చిన తలుపు బిల్లు చూపించారు. అదే ఫైల్లో 2023లో పదిహేనేళ్ళు నిండినప్పుడు 2028 దాకా రిజిస్ట్రేషన్ పొడిగించిన రసీదు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందైతే ఆ రుసుము 600, ఆయన కట్టింది 5,000. ఫైలుతో పాటు పసుపు అట్ట ఉన్న పొడుగాటి నోటు పుస్తకం ఒకటి ఇచ్చారు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, పేజీకి ఇరవై పంక్తులు, పదిహేడేళ్ళు. ఆ పుస్తకం చూశాక నేను బేరం ఆడలేదు.

ఇవాళ కాలేజీ ఒంటిపూట. పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాను. విమానాశ్రయం దాటి షీలానగర్ దగ్గరికి వచ్చేసరికి పోర్టు లారీలు మామూలుగానే రెండు వైపులా కమ్ముకున్నాయి. పదకొండేళ్ళు ఆ లారీల మధ్య స్కూటరు మీద వెళ్ళాను. నోట్లో దుమ్ము, నడుములో పోటు, వానొస్తే కాలేజీకి వెళ్ళాక చీర పిండుకోవడం. ఇప్పుడు తలుపు వేస్తే లోపల నా ఊపిరి నాకు వినిపిస్తుంది. గుంటలో చక్రం దిగినట్టు చేతికి తెలుస్తుంది గానీ నడుముకు తెలియదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మా అత్తయ్య కోసం పక్క సీటును మీట నొక్కి పైకి లేపితే, ఆవిడ వంగకుండానే కూర్చుంటున్నారు. నాకు ఈ కారు హోదా కోసం అక్కర్లేదు. రోజుకు గంటన్నర పాటు ఒళ్ళు హూనం కాకుండా ఉండటం కావాలి. అది నాలాంటి జీతగాళ్ళకు అందుబాటులోకి వచ్చే దారి ఇదొక్కటే కనిపించింది.

ఒంటిగంటన్నరకు ఆటోనగర్‌లో మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాను. గేరుబాక్సు ఒకసారి చూడాలని మొన్ననే చెప్పారు. కారు కింద రేకు విప్పి, గేరుబాక్సు పక్కన గుండ్రటి ప్లాస్టిక్ కనెక్టరు ఒకటి చూపించారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. తెల్ల కాగితం ముక్కతో దాని అంచు తుడిచి నా చేతికిచ్చారు. కాగితం మీద గులాబీ ఎరుపు మరక, గోరంత.

"గేరు ఆయిలమ్మా. దీని లోపల రెండు రబ్బరు రింగులుంటాయి. వేడికి ఏళ్ళ తరబడి గట్టిపడిపోతాయి. ఇక్కడి నుంచి ఆయిలు బయటికే కారితే పరవాలేదు. వైరు లోపల్నుంచి పైకి పాకుతుంది, దీపం వత్తి నూనె పీల్చినట్టు. పాకి పాకి గేరుబాక్సు కంప్యూటర్లోకి చేరిందా, ఇక పెద్ద ఖర్చే."

"చేరిందేమో ఎలా తెలుస్తుంది మేస్త్రి గారూ?"

ఆయన మాట్లాడకుండా లేచి, పై కొసన ఉన్న కనెక్టరు ఊడదీసి ఇంకో కాగితం అద్దారు. పొడిగా ఉంది. నేను ఆ కాగితాన్ని వెలుతురులో రెండు వైపులా తిప్పి చూశాను. కొత్త కనెక్టరు, ఆయిలు ఫిల్టరు, అయిదు గేర్ల బాక్సుకు సరైన రకం ఆయిలు సోమవారానికి తెప్పిస్తానన్నారు. కనెక్టరు ఒక్కటీ రెండు వేల లోపే. ఆ గోరంత మరకను ఏడాది పాటు ఎవరూ చూడకపోయి ఉంటే బిల్లు పదుల వేలు దాటేది. పాత కారు గురించి భయపెట్టేవాళ్ళు ఆ పెద్ద బిల్లు గురించే చెబుతారు, దానికి ముందు వచ్చే ఈ చిన్న మరక గురించి చెప్పరు. నేను రెండు కాగితాలూ ఫైల్లో పెట్టుకున్నాను.

మద్దిలపాలెం, పెదవాల్తేరు మీదుగా లాసన్స్ బే చేరేసరికి అయిదున్నర. డాక్టరు గారు గేటు దగ్గరే ఉన్నారు, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు బూట్లు. లోపలికి రమ్మని కాఫీ ఇప్పించారు. మాత్రల డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. తెరిస్తే దూదిలో తాళంచెవి, పక్కన కాగితంలో చుట్టిన చిన్న బ్యాటరీ. "లోపలే వదిలేస్తే కారి పాడు చేస్తుందని తీసి ఉంచాను. వేసి చూసుకో" అన్నారు. వేసి, కిటికీలోంచి నొక్కాను. వాకిట్లో పసుపు దీపాలు ఒకసారి వెలిగి ఆరాయి. ఆయన మొహం అటే తిరిగి ఉంది.

"ఒకసారి నడుపుతారా డాక్టరు గారూ?" అని అడిగాను. వీధిలోకి చూశారు. "వద్దమ్మా, చీకటి పడుతోంది. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను."

బీచ్ రోడ్డు మీద తెన్నేటి పార్కు దాటి, జోడుగుళ్ళపాలెం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. దారిలో ఆయన పాత సంగతులు ఏమీ చెప్పలేదు. అద్దం సగం దించి చెవి బయటికి పెట్టి కూర్చున్నారు. కనెక్టరు సంగతి చెబితే, "ముందే చూసుకోవలసింది, నా దృష్టికి రాలేదు" అని నొచ్చుకున్నారు. ఎంత ఇస్తోందని అడిగారు. పదకొండు అన్నాను. "నాకు పన్నెండు దాకా వచ్చేది. సిగ్నలు ఎర్రగా కనిపించగానే కాలు తీసెయ్, బండి దానంతట అదే వెళ్తుంది" అన్నారు. కాసేపాగి, "స్టీరింగు ఒక్క క్షణం వదులు" అన్నారు. రోడ్డు ఖాళీగా ఉంది, నెమ్మదిగానే వెళ్తున్నాం, వేళ్ళు కాస్త సడలించాను. బండి వెంట్రుకవాసి ఎడమకు జరిగింది. పదకొండు రోజులుగా నడుపుతున్నాను, నేను గమనించలేదు.

"ముందు ఎడమ టైరులో గాలి చూపించు" అన్నారు.

ఆయన్ని దించేసి, ఇంటికి వస్తూ బంకు దగ్గర ఆపాను. మిగతా మూడింటిలో ముప్పై రెండు ఉంది, ముందు ఎడమ దాంట్లో ఇరవై ఆరు. చిన్న మేకు దిగి ఉంది, పంక్చరు వేయించాను. ఇంటికి వచ్చి, అందరూ పడుకున్నాక పసుపు అట్ట పుస్తకం తీశాను. డాక్టరు గారి చివరి పంక్తి ఆ పేజీలో పధ్నాలుగోది. దాని కింద గీత గీయకుండా, అదే వరుసలో, నీలి సిరాతోనే రాశాను: 1,42,118 కి.మీ. ముందు ఎడమ టైరు పంక్చరు, గాలి. సోమవారం గేరు ఆయిలు.