మాత్రలు మింగుతూ చేసిన ప్రార్థన

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది. డాక్టర్లు చేతులెత్తేశారు, ఉపవాసముండి ప్రార్థన చేశాం, మర్నాటికి రిపోర్టు మారిపోయింది అనాలి. విన్నవాళ్లు స్తోత్రం అనాలి. నాది ఆ వరసలో ఇమడదు. నాకు టీబీ వచ్చింది, ఆరు నెలలు మందులు మింగాను, తగ్గింది. మరి ఇందులో దేవుడు చేసిందేమిటని ఒకావిడ నన్ను మొహం మీదే అడిగింది.

దగ్గు వానాకాలంలో మొదలైంది. బడిలో రోజంతా అరిచే గొంతు కదా, సుద్దపొడి పడలేదనుకున్నాం. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు జాకెట్టు తడిసిపోయేది. చీర కుచ్చిళ్లు ఎక్కువ వస్తున్నాయని ముందు కనిపెట్టింది మా అత్తయ్య. ఒకరోజు పళ్లు తోముకుంటుంటే దగ్గులో ఎర్రగా జీర కనబడింది. మావారు ఆ రోజే తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైన మచ్చ. కళ్లె పరీక్ష, టీబీ క్రిమిని కనిపెట్టే సీబీనాట్ మిషన్ మీద చేశారు. టీబీ ఉంది, కానీ దాని ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే అన్నారు. ఆ రెండో మాట ఎంత మంచి మాటో ఆ రోజు నాకు ఎక్కలేదు.

చావు భయం పెద్దగా లేదు. అది విని మా అక్క ఆశ్చర్యపోయింది. నన్ను తినేసినవన్నీ చిన్న భయాలు. బడిలో తెలిస్తే ఉద్యోగం ఉంటుందా. పనమ్మాయి మానేస్తుందా. నాలుగేళ్ల బాబు పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడితే ఊపిరి బిగబట్టేదాన్ని. బస్సులో దగ్గు వస్తుందేమోనన్న టెన్షన్‌కే దగ్గొచ్చేది. పొద్దున్నే వాష్‌బేసిన్‌లోకి చూడాలంటే కాళ్లు వణికేవి.

మా ఇంట్లో ఈ జబ్బు పాతదే. అత్తయ్య మేనమామ ఒకాయన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో చాలాకాలం ఉండి వచ్చాడట. మిషనరీ సంఘాలు కలిసి కట్టి 1915లో తెరిచిన శానిటోరియం, అంటే టీబీ ఆసుపత్రి, అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు. టీబీకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ రాకముందు అక్కడ వైద్యమంటే కొండగాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. కొందరికి జబ్బున్న ఊపిరితిత్తిని కొన్నాళ్లు ముడుచుకునేలా చేసేవారు. "ఆయనకి మందే లేదమ్మా, అయినా బతికొచ్చాడు. నీకు మందుంది" అనేది అత్తయ్య. నా కంచం, గ్లాసు నేను విడిగా పెట్టుకుంటే తీసుకెళ్లి అందరి వాటిలో కలిపేసింది కూడా ఆవిడే.

మందులు బరువును బట్టి ఇస్తారు. నేను 43 కిలోలు, కాబట్టి రోజుకు మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మూత్రం నారింజరంగులోకి వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అదో భయం. పరగడుపున వేసుకున్న గంటకు కడుపులో తిప్పేది. రెండో నెలలో మోకాళ్లు, చీలమండలు నొప్పులు. ఆ నాలుగు మందుల్లో ఒకటైన పిరజినమైడ్ వల్ల అలా అవుతుందట.

ఆ మాత్రలు అరచేతిలో పెట్టుకుని ఇంకా ఎన్ని నెలలో లెక్కపెడితే నీరసం ముంచుకొచ్చేది. కొండమీది ప్రసంగంలో "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని ఉంది, మత్తయి ఆరో అధ్యాయం చివర. చిన్నప్పుడు సండేస్కూల్లో బట్టీపట్టిన వాక్యం. అది నాకు ప్రార్థన అయిపోయింది. ప్రభువా, ఈ మూడు మాత్రలు ఈ రోజుకి. రేపటివి రేపు. అంతకన్నా పెద్ద ప్రార్థన చేసే ఓపిక నాకు లేదు. పెద్దవి చేయడానికి మా సంఘంలోని ఆడవాళ్ల బృందం, స్త్రీల మైత్రి వాళ్లు వచ్చేవారు. గదిలో అన్ని కిటికీలూ తెరిచి, మాస్కు పెట్టుకుని తలుపు దగ్గర కూర్చునేదాన్ని.

ఊళ్లోకి కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, ఎవరో చెబితే, మా ఇంటికీ వచ్చాడు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, స్వస్థత వచ్చేసింది, ఇక మాత్రలు వేసుకుంటే అది అపనమ్మకం అన్నాడు. ఆయన వెళ్లాక ఇంకో కొత్త భయం. మందు వేసుకుంటే దేవుడికి కోపం, మానేస్తే జబ్బుకి పండగ. టీబీ మందు మధ్యలో వదిలేస్తే మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగనివిగా తయారవుతాయి, అప్పుడు వైద్యం ఇంకా కష్టం. ఆ సంగతి తెలియక అలాంటి మాట అనడం వేరు, తెలుసుకోకుండా ఇల్లిల్లూ తిరిగి అనడం వేరు.

మా సంఘం పాస్టరు అయ్యగారు ఆ సాయంత్రమే వచ్చారు. వాదన ఏమీ పెట్టుకోలేదు. హిజ్కియా రాజు సంగతి తీసి చదివారు. రాజు చావుజబ్బులో ఏడ్చి ప్రార్థిస్తే, నీకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చానని దేవుడు చెప్పాడు. మాట వచ్చేసింది కదా. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. "దేవుడు మాటిచ్చాక కూడా కట్టు కట్టారమ్మా, చూడు" అని బైబిలు మూసి, అత్తయ్యనడిగి కాఫీ తాగి వెళ్లారు.

మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. సంస్కారం, అంటే ప్రభువు బల్ల, రోజున ద్రాక్షరసం అందరం ఒకే గిన్నెలో తాగుతాం. మందులు మొదలుపెట్టి రెండు వారాలు దాటాక, ఇక నీ నుంచి వేరేవాళ్లకి అంటుకునే ప్రమాదం దాదాపు పోయినట్టే అన్నారు డాక్టరుగారు. పైగా ఇది గాలి ద్వారా వస్తుంది, కంచాలూ గ్లాసుల వల్ల రాదు అని కూడా చెప్పారు. తల ఊపాను. ఆదివారం గుడికి వెళ్లి తలుపు పక్క బల్లమీద కూర్చున్నాను, సంస్కారానికి మాత్రం లేవలేదు. తెలిసినంత మాత్రాన భయం పోదు. అదింకెక్కడో కూర్చుని ఉంటుంది.

తర్వాతి నెల అయ్యగారికి ముందే చెప్పి, అందరూ అయిపోయాక చివర వెళ్లి మోకరించాను. నా తర్వాత ఎవరూ ఉండకూడదని. ఒక సంగతి మర్చిపోయాను: గిన్నెలో మిగిలింది అయ్యగారు తాగాలి, అది ఆయన విధి. నేను తాగి ఇచ్చిన గిన్నె తీసుకుని, నా ఎదురుగానే మిగతాది తాగేసి, నీళ్లు పోసి కడిగి అవి కూడా తాగారు. నా వైపు ప్రత్యేకంగా చూడను కూడా లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం బాబుని పక్కలో వేసుకుని పడుకున్నాను. వాడిక్కూడా పరీక్షలు చేసి, జబ్బు లేదని తేల్చుకుని, ఐదేళ్లలోపు పిల్లలకిచ్చే ముందుజాగ్రత్త మందు అప్పటికే మొదలుపెట్టారు.

రెండు నెలల తర్వాత కళ్లెలో క్రిములు లేవు. ప్రభుత్వం పోషకాహారానికి నెలకు 1000 రూపాయల చొప్పున ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500. గుడ్లకీ పాలకీ అక్కరకొచ్చింది. కోర్సు అయ్యేసరికి పాత జాకెట్లు పట్టలేదు.

బైబిల్లో "భయపడకుము" అని 365 సార్లు ఉంది, రోజుకొకటి అని ప్రసంగాల్లో చెబుతుంటారు. లెక్కపెట్టి చూసినవాళ్లు అన్ని లేవంటారు. లేకపోయినా నాకు నష్టం లేదు. ఇప్పటికీ మామూలు జలుబు చేసినా వాష్‌బేసిన్ దగ్గర గుండె దడదడలాడుతుంది. దావీదు కూడా "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అన్నాడు గానీ ఆ దినం రాదని అనలేదు. ఆ వాక్యం అనుకుంటూ లైటు వేసి, వంగి చూస్తాను. అప్పట్లో చూడకుండా నీళ్లు వదిలేసేదాన్ని. నాకు జరిగిన స్వస్థతలో ఇదీ ఒక భాగమే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. మాత్రల పేర్లతో సహా చెప్పాను. స్తోత్రాలు కాస్త పలచగానే వచ్చాయి. బయట కేకు పంచుతుంటే వెనక వీధిలో ఉండే ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, మా పెద్దోడికి నెల నుంచి దగ్గు. ఎవరికీ చెప్పలేదు. ఆ పరీక్షకి ఎంతవుద్ది?"

ప్రభుత్వాసుపత్రిలో డబ్బులేమీ తీసుకోరని చెప్పాను. రెండో తారీఖున నేనూ వస్తానన్నాను. ఆ రోజు పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, ఇంట్లో కాకుండా ఆరుబయట నిలబడి, లోపల్నుంచి దగ్గి తీసిన కళ్లె డబ్బాలో తేవాలి, ఉమ్మి తెస్తే మళ్లీ రమ్మంటారు అని రెండుసార్లు చెప్పి పంపాను.