చౌడు, ఉబ్బ, సోర్: ఎన్‌హెచ్‌టెట్ రెండో అటెంప్ట్‌లో నాకు అర్థమైనది

మొన్న సాయంత్రం ఎన్‌హెచ్‌టెట్ రిజల్ట్ వచ్చింది. హోటల్ మేనేజ్‌మెంట్ టీచర్లకు పెట్టే జాతీయ అర్హత పరీక్ష అది. నా రోల్ నంబర్ ఎదురుగా క్వాలిఫైడ్ అని కనిపించాక కూడా నమ్మకం కుదరక, ఫోన్ మా ఆయన చేతికిచ్చి ఒకసారి చూడమన్నాను. ఆయన చదివి వినిపించాకే కూర్చున్నాను. రెండేళ్లుగా గుండెల మీద ఉన్న బరువు దిగింది. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను. వచ్చేసారి రాయబోయే వాళ్లకు ఏదో ఒక ముక్క పనికొస్తుందని నా ఆశ.

మూడు పేపర్లు, సిలబస్, ప్యాటర్న్ మీకందరికీ తెలిసిందే. వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది హౌస్‌కీపింగ్ గురించే. మనలో చాలామంది ఫుడ్ ప్రొడక్షన్‌కి నెలలకు నెలలు ఇస్తారు, సర్వీస్‌కి వైన్ల పేర్లు బట్టీ పడతారు, హౌస్‌కీపింగ్‌ను మాత్రం చివరి వారానికి వదిలేస్తారు. "ఏముంది, రూములు శుభ్రం చేయడమేగా" అనే మాట బయటివాళ్లు అంటే బాధ లేదు. మన ఫీల్డ్‌లో ఉండి మనమే అంటే ఎలా?

నేను ఆ సబ్జెక్ట్‌లోనే పోయాను. అది ముందు చెప్పాలి.

హైదరాబాద్ హోటళ్లలో ఏడేళ్లు హౌస్‌కీపింగ్ చేశాను. రూమ్ అటెండెంట్‌గా మొదలై ఫ్లోర్ సూపర్‌వైజర్‌ దాకా వచ్చాను. తర్వాత ఒక ప్రైవేటు కాలేజీలో అకామడేషన్ ఆపరేషన్స్, అంటే హౌస్‌కీపింగ్ పాఠాలే, చెబుతున్నాను. అందుకే మొదటిసారి రాసినప్పుడు హౌస్‌కీపింగ్ పుస్తకం దాదాపు తెరవలేదు. రోజూ చేసిన పనే కదా, ఇందులో నన్ను ఎవరు ఏం అడుగుతారు అనుకున్నాను. పేపర్ వన్‌లోని టీచింగ్ ఆప్టిట్యూడ్, రీజనింగ్ చూస్తేనే టెన్షన్. టైమంతా వాటికే పెట్టాను.

హాల్లో లినెన్ పార్ లెక్క వచ్చింది. గదులన్నిటికీ ఒక్కసారి వేయడానికి సరిపడే దుప్పట్లు ఒక పార్, అలాంటివి ఎన్ని ఉండాలన్నదే ఆ లెక్క. నేను పనిచేసిన చోట లాండ్రీ హోటల్లోనే ఉండేది. పొద్దున వేసిన దుప్పట్లు సాయంత్రానికి పైకి వచ్చేవి. మూడు పార్‌తో నెట్టుకొచ్చేవాళ్లం. నా చెయ్యి ఆ మూడుతోనే లెక్క కట్టింది. కానీ లాండ్రీ బయట ఉన్నప్పుడు లెక్క వేరు. గదిలో ఒకటి, ఫ్లోర్ ప్యాంట్రీలో ఒకటి, లినెన్ రూమ్‌లో ఒకటి, లాండ్రీలో ఒకటి, చిరిగినవీ పోయినవీ భర్తీ చేయడానికి రిజర్వులో ఒకటి. మొత్తం అయిదు. రోజుకు 200 దుప్పట్లు కావాలంటే 1,000 ఉండాలి. నేను 600 దగ్గర ఆగిపోయాను. అవుట్ ఆఫ్ ఆర్డర్, అవుట్ ఆఫ్ సర్వీస్ విషయంలోనూ అంతే. మా ఫ్లోర్‌లో రెంటినీ ఒకే అర్థంలో వాడేవాళ్లం. పెద్ద రిపేరు వచ్చిన అవుట్ ఆఫ్ ఆర్డర్ గదిని అమ్మకానికి ఉన్న గదుల లెక్కలోంచే తీసేస్తారు కాబట్టి ఆక్యుపెన్సీ శాతమే, అంటే నిండిన గదుల శాతమే మారిపోతుంది. బల్బు పోయిన గది అవుట్ ఆఫ్ సర్వీస్ మాత్రమే, దానికి ఆ పని చేయరు. ఆ తేడా ఫ్రంట్ ఆఫీస్ వాళ్లకు తెలిసినంత నాకు తెలియలేదు.

నాకు తెలిసింది మా హోటల్ పద్ధతి. వాళ్లు అడిగింది ఆ పద్ధతి వెనక ఉన్న సూత్రం.

ఫెయిలయ్యాక చుట్టాలూ కొలీగ్స్ రకరకాలుగా అన్నారు. ఏడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉండి కూడా పోయిందా అన్నారు. పెళ్లయి పిల్లాడున్న ఆడమనిషికి ఈ పరీక్షలెందుకు అన్నారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. నేను బద్ధకించి ఫెయిలవలేదు. పొద్దున వంట, పిల్లాడి స్కూలు, ఉప్పల్ నుంచి రానూపోనూ బస్సు, రోజుకు నాలుగు క్లాసులు. ఇన్ని చేస్తూ రాశాను. ఫుల్‌టైమ్ కోచింగ్ తీసుకునే వాళ్లతో నన్ను పోల్చడం న్యాయం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

నా చదువు మలుపు తిరిగింది పుస్తకంతో కాదు, క్లాసులో ఒక పిల్లాడు అడిగిన ప్రశ్నతో.

ఆ రోజు లాండ్రీ వాష్ సైకిల్ చెబుతున్నాను. ఫ్లష్, సడ్స్, బ్లీచ్, రిన్స్, సోర్, సాఫ్ట్‌నర్, ఎక్స్‌ట్రాక్ట్ అని బోర్డు మీద వరసగా రాశాను. నల్గొండ నుంచి వచ్చిన కుర్రాడు లేచి, "మేడం, సోర్ అంటే పులుపు కదా. సబ్బుతో ఉతికి, నీళ్లతో జాడించాక మళ్లీ పులుపు ఎందుకు?" అన్నాడు. పీహెచ్ సరిచేయడానికి అని చెప్పాను. "సరిచేయకపోతే ఏమవుతుంది మేడం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అమ్మమ్మ వాళ్లది రజక కుటుంబం. జనగామ దగ్గర పల్లె. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే రేవు దగ్గరే ఆడుకునేదాన్ని. ఆ మర్నాడు పొద్దున్నే అమ్మమ్మకు ఫోన్ చేసి, మీరు బట్టలు ఎలా ఉతికేవాళ్లో మొదటి నుంచి చెప్పమన్నాను. ఆవిడ చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మురికి బట్టల్ని చౌడు కలిపిన నీళ్లలో నానబెట్టేవాళ్లు. తర్వాత ఉబ్బ పెట్టేవాళ్లు, అంటే కింద నీళ్లు మరుగుతుంటే ఆ ఆవిరి బట్టల మోపంతటికీ పట్టేలా చేయడం. తర్వాత రేవులో బండ మీద బాదడం. చివర్లో, "చౌడు జిగట పోయిందాక ఏటి నీళ్లల్ల మంచిగ జాడియ్యాలె బిడ్డా, లేకుంటే తెల్ల బట్ట పచ్చగైతది" అంది.

నా ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. చౌడు క్షారం. హోటల్ లాండ్రీ డిటర్జెంట్ కూడా క్షారమే. అది బట్టలో మిగిలిపోతే ఇస్త్రీ వేడికి తెల్ల దుప్పటి పసుపు రంగుకు తిరుగుతుంది, పడుకున్న మనిషికి చర్మం మండుతుంది. అమ్మమ్మకు పారే ఏరు ఉంది కాబట్టి ఎంతసేపైనా జాడించగలిగింది. హోటల్‌కు ఏరు లేదు, నీళ్లకు డబ్బు కట్టాలి. అందుకే చివర్లో కొద్దిగా ఆమ్లం వేసి మిగిలిన క్షారాన్ని చంపేస్తారు. అదే సోర్.

అదే నోట్‌బుక్‌లో ఇంకో సంగతి కూడా కనిపించింది. సినర్ సర్కిల్ మీరు చదివే ఉంటారు. జర్మనీలో హెన్కెల్ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ సినర్ 1959లో చెప్పినది: శుభ్రం చేయడంలో రసాయనం, వేడి, రాపిడి, సమయం అనే నాలుగు పాళ్లుంటాయి, ఒకటి తగ్గిస్తే మిగతా వాటిలో ఏదో ఒకటి పెంచాలి. చౌడు రసాయనం. ఉబ్బ వేడి. బండ మీద బాదడం రాపిడి. నానబెట్టడం సమయం. ఆయన గీసిన వృత్తం మా అమ్మమ్మ చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. ఆవిడకు చేయడం వచ్చు, ఎందుకో ఎవరూ అడగలేదు. నన్ను అడుగుతున్నారు, అడగడానికి ఒక క్లాసు నిండా పిల్లలున్నారు. నా ఉద్యోగమే అది కదా అనిపించింది.

అప్పటి నుంచి చదివే తీరు మార్చేశాను. ప్రతి టాపిక్‌కీ ఆ కుర్రాడి ప్రశ్నే వేసుకున్నాను: ఇలా చేయకపోతే ఏమవుతుంది? టాయిలెట్ బౌల్‌లో ఆమ్లం ఎందుకు, కిచెన్ జిడ్డుకు క్షారం ఎందుకు, మార్బుల్ మీద ఆమ్లం పడితే ఏమవుతుంది. హోటళ్లలో వాడే టాస్కి బ్రాండ్ క్లీనింగ్ మందుల్ని ఆర్ వన్, ఆర్ టూ, ఆర్ త్రీ అంటూ వరస బట్టీ పట్టడం మానేసి, ఏది ఏ పీహెచ్ వైపు ఉంటుందో రాసుకున్నాను. నంబర్లు వాటంతట అవే గుర్తుండిపోయాయి.

కొత్త ట్రెండ్స్ మీద మీలో చాలామందికి భయం. పాత పుస్తకాల్లో ఉండవు, ఎక్కడి నుంచి ఎలా వస్తాయో తెలియదు. నాకూ అదే భయం. చివరికి నేను చేసింది ఒక్కటే. ప్రతి కొత్త సంగతినీ పాత లెక్కలో ఏదో ఒక దాని పక్కన కూర్చోబెట్టాను. ఓజోన్ లాండ్రీ వచ్చిందంటే చల్లటి నీళ్లతో ఉతుకుతున్నారు, అంటే వృత్తంలో వేడి తగ్గింది, ఆ పని ఓజోన్ చేస్తోంది, అంటే రసాయనం వైపు పెరిగింది. మైక్రోఫైబర్ గుడ్డ రాపిడి పెంచి రసాయనం తగ్గిస్తుంది. కోవిడ్ టైములో అందరూ కొన్న ఎలక్ట్రోస్టాటిక్ స్ప్రేయర్ క్రిములను చంపే మందును వేగంగా చల్లుతుంది సరే, కానీ ఆ మందు ఉపరితలం మీద తడిగా ఉండాల్సిన నిమిషాలను అది తగ్గించలేదు. సమయం పాలు అలాగే ఉంది. 2020లో పర్యాటక శాఖ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాతో కలిసి హోటళ్ల కోవిడ్ జాగ్రత్తల కోసం మొదలుపెట్టిన సాథీ అనే కార్యక్రమం గురించి కూడా ఈ వరుసలోనే చదివాను.

బాత్రూమ్‌లో చిన్న షాంపూ సీసాల బదులు గోడకు పెద్ద డిస్పెన్సర్ పెట్టడం ఇన్వెంటరీకి సంబంధించిన మార్పు. నాన్ రీసైకిల్డ్ ఐటమ్, అంటే ఒకసారి వాడితే అయిపోయే సరుకు, ఒకటి తగ్గి, కాస్ట్ పర్ ఆక్యుపైడ్ రూమ్, అంటే నిండిన ఒక్కో గదికి అయ్యే ఖర్చు మారుతుంది. హాలిడే ఇన్ లాంటి హోటళ్లున్న ఐహెచ్‌జీ సంస్థ 2019లోనే తన బ్రాండ్లన్నిటికీ ఇది ప్రకటించింది. కాలిఫోర్నియాలో 50 గదులకు మించిన హోటళ్లకు 2023 నుంచి చట్టమే వచ్చింది. మన దేశంలో 2022 జులై 1 నుంచి కొన్ని రకాల సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధించారు కదా. ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్ ఆ జాబితాలో ఉన్నాయి. మనం గదుల్లో పెట్టే వానిటీ కిట్‌లో ఉండేవి అవే. ఇలా మన ట్రాలీలోకి తెచ్చుకుంటే మర్చిపోరు.

రోజువారీ క్లీనింగ్ అడిగితేనే చేస్తాం అనే పద్ధతి ఇంకొకటి. అమెరికాలో హిల్టన్ హోటళ్ల సంస్థ 2021లో తన చాలా బ్రాండ్లకు దీన్ని పెట్టింది. హోటల్ కార్మిక సంఘం యునైట్ హియర్ గట్టిగా వ్యతిరేకించింది. ఇది నేను క్లాసులో లెక్క వేయించాను. 100 గదుల్లో 90 నిండాయి, గదికి 30 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టులో బ్రీఫింగ్, ట్రాలీ సర్దడం, బ్రేకులు పోగా ఏడు గంటలు, అంటే 420 నిమిషాలు. ఒక్కొక్కరికి 14 గదులు. 90కి ఏడుగురు కావాలి. ఇప్పుడు సగం గదులు మూడు రోజుల దాకా వద్దన్నాయనుకోండి. ఇవాళ తక్కువమంది చాలు. కానీ మూడో రోజు చెకౌట్ అయిన గది 30 నిమిషాల్లో అవుతుందా? కాదు. నేను చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, కాదు. ప్రొడక్టివిటీ స్టాండర్డ్ మార్చకుండా మనుషుల్ని తగ్గిస్తే ఆ నిమిషాలన్నీ అటెండెంట్ నడుం మీద పడతాయి. పుస్తకంలో ప్రొడక్టివిటీ స్టాండర్డ్ కంటే ముందు ఏరియా ఇన్వెంటరీ, ఫ్రీక్వెన్సీ షెడ్యూల్, పెర్ఫార్మెన్స్ స్టాండర్డ్ ఎందుకు వస్తాయో ఈ లెక్క వేశాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఏం ఉన్నాయి, ఎన్నిసార్లు చేయాలి, ఎంత బాగా చేయాలి అని తేల్చాకే ఎంతసేపట్లో చేయాలన్నది అడగాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పేపర్ వన్‌కి రోజుకు గంట చాలు, పాత పేపర్లు చేయండి. ఫ్రంట్ ఆఫీస్, సర్వీస్ నేను మామూలుగానే చదివాను, ప్రత్యేకం ఏమీ లేదు. టూరిజం భాగం చివరి నెలలో చూశాను, ఇంకా ముందు చూసి ఉండాల్సింది.

పొద్దున నాలుగున్నరకు లేచాను. పదకొండు నెలలు, పండగ రోజు కూడా. మోటివేషన్ కోసం వీడియోలు చూస్తూ కూర్చునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. హోటల్లో పొద్దున ఏడింటి బ్రీఫింగ్‌కి మూడ్ బాగోలేదని ఎవరైనా రాకుండా ఉన్నారా? ఫ్లోర్ కీ రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకున్నాక పద్నాలుగు గదులూ అయ్యేదాకా దిగలేదు కదా. చదువును కూడా అలాగే సంతకం పెట్టి తీసుకోండి. నేను గోడ మీద రూమ్ అసైన్‌మెంట్ షీట్ లాంటిదే అతికించుకున్నాను. గది నంబర్ల చోట టాపిక్‌లు. అయిన దాని పక్కన టిక్, కాని దాని పక్కన కారణం. ఆ కారణాల్లో "అలసట" అని నేను రాసింది రెండుసార్లే. రెండుసార్లూ పిల్లాడికి జ్వరం.

ఆ నల్గొండ కుర్రాడికి మర్నాడే జవాబు చెప్పాను. రేవు గురించి, చౌడు గురించి, అమ్మమ్మ అన్న మాట గురించి కూడా. మా ఇంటి సంగతి క్లాసులో చెప్పడం అదే మొదటిసారి. పిల్లలు చాలాసేపు ప్రశ్నలు అడిగారు. వచ్చే గురువారం వాళ్లను ఒక లాండ్రీకి తీసుకెళ్తున్నాను. పీహెచ్ పేపర్లు కొని పెట్టుకున్నాను. చివరి రిన్స్ నీళ్లలో సోర్ వేయకముందు ఒకటి, వేశాక ఒకటి ముంచి, రంగు తేడా ముందు ఆ కుర్రాడితోనే చెప్పించాలి.