కమాను వద్దు, దారి ఖర్చులు పెడదాం

సంచిక కోసం ఒక జ్ఞాపకం రాసివ్వమని మన బడి పూర్వ విద్యార్థుల సంఘం అడిగింది. రాస్తాను. కానీ ముందే చెబుతున్నా, బడి గేటు ముందు కమాను కట్టాలని గ్రూపులో నడుస్తున్న చర్చలో నాది వద్దనే పక్షం. ఆ డబ్బు పోటీలకు, పరీక్షలకు పోయే పిల్లల దారి ఖర్చులకు పెడదామంటాను. బ్యాచ్‌ల పేర్లు ఏ వరుసలో చెక్కించాలన్న దగ్గరే ఆ చర్చ ఆగిపోయింది కాబట్టి, ఈలోపు నా మాట కూడా వినండి.

మనం చదివిన రోజుల్లో ఊరు మన బడికి చేసిన పనులేవీ రాతిపలక మీదికి ఎక్కలేదు. ఏటా ఎండాకాలం సెలవుల్లో వడ్రంగం చేసే వడ్ల తాత వచ్చి విరిగిన బెంచీలు బాగుచేసేవాడు. కూలి తీసుకునేవాడు కాదు. కట్టె మాత్రం ఊరే తేవాలి. ఎవరి చెలకలోనైనా గాలివానకు యాప చెట్టు పడిందంటే దాని మీద మొదటి హక్కు బడిదే. తొమ్మిదో తరగతి గదిలో ఆఖరి బెంచీకి మూడు కాళ్లు టేకువి, నాలుగోది యాపది. ఆ కాలు మిగతావాటి కంటే బొటనవేలంత పొట్టి. అటువైపు కూర్చున్నవాడు కొంచెం కదిలినా బెంచీ కిర్రుమనేది. లెక్కల సారు బోర్డు మీద రాస్తూనే, వెనక్కి తిరగకుండా, "ఎవడ్రా ఆ యాప కాలు?" అనేవారు. మా బ్యాచ్‌లో ఒకడికి ఇప్పటికీ ఆ పేరే ఖాయమైంది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, అయినా పేరు మారలేదు.

టెన్త్ పిల్లలకు సంక్రాంతి దాటిందంటే రాత్రి చదువు బడిలోనే, పడక కూడా అక్కడే. 90వ దశకంలో పల్లెకు రాత్రిపూట కరెంటు ఎంత వచ్చేదో మన వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. టెంట్ హౌస్ ఆయన రెండు పెట్రోమాక్స్ లైట్లు కిరాయి లేకుండా ఇచ్చేవాడు. రేషన్ డీలర్ గ్యాస్‌నూనె సర్దేవాడు. లైటు అంటించడం అటెండర్ మామ పని. మాంటిల్ అనే వలగుడ్డను పట్టుదారంతో గొట్టానికి కట్టి, వేలు తగలకుండా కాల్చి బూడిద చేసి, ఆ తర్వాతే పంపు కొట్టేవాడు. పంపు కొట్టే ఛాన్స్ కోసం మాలో కొట్లాటలు. ఇంత చేశాక ఒక్క పురుగు పోయి మాంటిల్‌కు కొట్టుకుందంటే అది పొడిపొడిగా రాలిపోయేది. ఆ రాత్రికి చదువు బంద్. మాకు లోపల సంతోషమే.

అసలు చిక్కు మాఘమాసంలో వచ్చేది. సరిగ్గా ప్రీఫైనల్ పరీక్షల వేళకు లగ్గాలు మొదలయ్యేవి. బరాత్ ముందు నడవడానికి ఆ రెండు లైట్లు పోవాల్సిందే, టెంట్ హౌస్ ఆయనకు అదే బతుకుదెరువు మరి. అప్పుడు పెద్ద సారు ఒక పని చేశారు. లగ్గం పెట్టుకున్న ఇంటికే పోయి, "బరాత్ పది గంటలకు ముగించుండ్రి పటేలా, పది తర్వాత లైట్లు నా పిల్లలకు గావాలె" అని అడిగారు. కొందరు విన్నారు, కొందరు వినలేదు. విన్నవాళ్ల ఇంటి నుంచి లైట్లతో పాటు లడ్డూలు కూడా వచ్చేవి.

ఊరూ బడీ కలిసి నడవడమంటే నాకు గుర్తొచ్చేది ఇదే. ఫలానా రోజు ఫలానా వస్తువు కావాలని ఒకరు నోరు తెరిచి అడిగేవారు, ఇంకొకరు ఆ రోజుకు ఇచ్చేవారు.

ఇక దారి ఖర్చుల సంగతి. మా క్లాసులో ఒక అమ్మాయి హైజంప్‌లో జిల్లా పోటీలకు ఎంపికైంది. హనుమకొండ స్టేడియంలో పోటీ, రెండు రోజులు ఉండాలి. వాళ్లమ్మ పంపనన్నది. పత్తి ఏరే కాలం. పిల్ల పోతే కైకిలి (రోజు కూలి) పోతుంది, పిల్లను ఒంటరిగా పంపలేక తనూ వెంట పోతే రెండు కైకిళ్లు పోతాయి. ఆటలు నేర్పే పీఈటీ సారు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని బతిమాలలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. నేరుగా కిరాణా షావుకారి దగ్గరికి పోయి బస్సు కిరాయి, తిండి ఖర్చు, రెండు రోజుల కూలి లెక్క కట్టి పైసలు తెచ్చారు. బడి ఊడ్చే ఆయమ్మ తోడుగా పోయింది. ఆ అమ్మాయి గెలిచిందా అంటే గెలవలేదు, నాలుగో స్థానం. కానీ మరుసటేడు అదే ఇంటి నుంచి చెల్లెలు కూడా పోటీలకు పోయింది, ఆ తల్లిని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

మన పక్కనే పర్వతగిరి మండలం కల్లెడను చూడండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత ఆ ఊరి బడిలో నేర్చుకున్న పిల్ల. అదే ఊరి జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది, తర్వాత అర్జున అవార్డూ వచ్చింది. ఒక్క పల్లె నుంచి ఒక ఒలింపియన్, ఒక పారాలింపియన్. దీప్తి తల్లిదండ్రులు కూలీలు. చిన్నప్పుడు ఆ పిల్లను చుట్టుపక్కల వాళ్లు ఎన్ని మాటలన్నారో పతకం వచ్చాక పేపర్లలో చదివాం. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడడం, తర్వాత కోచ్ నాగపురి రమేష్ హైదరాబాద్‌కు పంపమని అడగడం, బస్సు కిరాయికే వెతుక్కోవాల్సిన ఆ ఇల్లు ఎలాగో పంపడం, ఇదంతా జరిగాకే ప్రపంచానికి ఆమె పేరు తెలిసింది. పతకం వచ్చాక సన్మానాలకు శాలువాలు తక్కువ కాలేదు. నా ఆలోచనంతా ఆ మొదటి బస్సు గురించే.

మాలావత్ పూర్ణ సంగతి కూడా గుర్తుచేస్తారు కొందరు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. గురుకులంలో పడక, తిండి, శిక్షణ, వెంట వచ్చే మనిషి, అన్నీ బడే చూసుకుంటుంది. మనది జెడ్పీ హైస్కూల్. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు ఇంటికి పోతారు, ఇంట్లో పని ఎదురుచూస్తుంటుంది. గురుకులం చేసే ఆ మిగతా పని మన దగ్గర ఎవరు చేయాలి? మనమే, ఇంకెవరూ లేరు.

భవనాల సంగతి మునుపటిలా లేదు. 2022 మార్చిలో మొదలైన 'మన ఊరు మన బడి'లో రాష్ట్రంలోని 26,065 సర్కారు బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీ లాంటి 12 రకాల పనులు పెట్టుకున్నారు. 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి రిపేర్లు వాళ్ల చేతికిచ్చారు. అన్నీ అన్నిచోట్లా పూర్తయ్యాయని అనను. అయితే గోడలకు సర్కారు పద్దు ఏదో ఒకటి ఉంది. ఎనిమిదో తరగతి పిల్లను ఆదివారం పొద్దున పరీక్షా కేంద్రానికి తీసుకుపోవడానికి ఏ పద్దూ లేదు.

నేను చెప్పేది ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర సర్కారు స్కాలర్‌షిప్ పరీక్ష గురించి. తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. సర్కారు, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు రాయొచ్చు, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సాలుకు 12,000 చొప్పున మొత్తం 48,000 రూపాయలు. మన ఊళ్లో ఆ సొమ్ముతో ఒక అమ్మాయి ఇంటర్ ఆగకుండా చదివి, పెండ్లి మాట రెండేళ్లు వెనక్కి నెట్టింది. కానీ పరీక్ష గెలవడంతో పని అయిపోదు. ఏటేటా పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, మెమోలో ఇంకొకటి ఉంటే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోతే డబ్బు పడదు. పిల్లకు మార్కులున్నాయి, తండ్రికి ఈ తిప్పలు తెలియవు. మన 2004 బ్యాచ్ తమ్ముడొకరు బస్టాండ్ పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. ఈ ఫారాలన్నీ ఫ్రీగా నింపుతాడు, ప్రింట్లకు కూడా పైసలు తీసుకోడు. కమాను మీద అతని పేరు రాయమని ఎవరూ అనలేదు. అతనూ అడగలేదు. గిరాకీ లేని టైమ్‌లో రమ్మంటాడు, అంతే.

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర సర్కారు ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కూడా అంతే. పిల్ల మంచి ఆలోచన పంపి ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు ఖాతాలో పడతాయి. సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట జెడ్పీ హైస్కూల్ పిల్లవాడు వడ్లు బస్తాల్లో నింపే యంత్రం చేసి జాతీయ స్థాయిలో బహుమతి తెచ్చాడు. కల్లంలో నలుగురు చేసే పని చూసినవాడికే ఆ ఊహ వస్తుంది, కాన్వెంట్ పిల్లలకు రాదు. (కాన్వెంట్‌లో పిల్లల్ని చదివిస్తున్న మిత్రులు కోప్పడకండి, నా పిల్లలూ అక్కడే చదివారు.) మన బడి నుంచి ఒక అమ్మాయి పత్తి ఏరేవాళ్లు ఒడి సంచి మోయకుండా సాలు వెంట నెట్టుకుపోయే ఒంటిచక్రం బండి బొమ్మ గీసింది. సైకిల్ చక్రం పెడితే మొక్కలకు తగులుతోంది, చిన్నది పెడితే నల్లరేగడిలో కూరుకుపోతోంది. వెల్డింగ్ షాపు అన్న రాత్రి దుకాణం మూశాక ఆ పిల్లతో, సైన్స్ టీచర్‌తో కూర్చుని మూడు రకాల చక్రాలు మార్చి చూశాడు. చివరికి వెడల్పాటి రేకు చక్రం కుదిరింది. జిల్లా ప్రదర్శన దాకా పోయింది, అక్కడితో ఆగింది. ఆ బండి ఇప్పుడు వాళ్లమ్మ చేనులో ఉంది, వాడుతున్నారు.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, ఇంకా దారి ఖర్చులేమిటని గ్రూపులో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. టికెట్ ఒక్కటే ఖర్చయితే ఆడపిల్లల వరకు నిజమే. మగపిల్లలకు టికెట్ ఉంది. మన ఊరికి మొదటి బస్సు వచ్చేసరికి పరీక్షా కేంద్రం గేటు మూసేస్తారు, కాబట్టి ఆటో మాట్లాడాలి. వెంటపోయే తల్లికి ఆరోజు కైకిలి పోతుంది. పరుగెత్తే పిల్లకు బూట్లు కావాలి, వాటి ధర ఇక్కడ రాస్తే సగంమంది నమ్మరు. 2022లో వరంగల్‌ను యునెస్కో లెర్నింగ్ సిటీల జాబితాలో చేర్చినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. మన బడి పిల్లకు ఆ వరంగల్ ఇప్పటికీ ఒక ఆటో, ఒక బస్సు, ఒకరోజు కూలి అంత దూరంలో ఉంది.

ఇంకొకటి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాగితం మీద మన దగ్గరా అంతే. మీటింగు మాత్రం పగలు పదకొండింటికి. ఆ వేళకు తల్లులు మిరపతోటలో ఉంటారు. సాయంత్రం రిజిస్టరు ఇంటికి వస్తుంది, సంతకం పెడతారు. రాత్రి ఏడింటికి మీటింగు పెట్టి చూడండి, ఎవరి పిల్లకు ఏం కావాలో వాళ్లే చెబుతారు. గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఈ విషయంలో మనకు పాఠం. అక్కడ ఒక్కో పనికి ఒక్కో కమిటీ. బాలవికాస అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి, ఊరంతా తలా కొంత వేసుకుని మంచినీళ్ల ప్లాంటు పెట్టుకున్నారు. ఊరి పారిశుధ్యానికి కేంద్రం ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం కూడా వచ్చింది. చూడ్డానికి పోయినవాళ్లు ఫొటోలు దిగి వస్తారు. నేర్చుకోవాల్సింది మాత్రం అక్కడి లెక్కల పద్ధతి. పది రూపాయలు పెట్టినా పదిమందికి తెలుస్తుంది.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. కమాను కోసం పోగైన డబ్బును బ్యాంకులో వేద్దాం. బడిలో పనిచేసే టీచర్ ఒకరు, ఒక తల్లి, మనలో ఒకరు, ముగ్గురి సంతకాలతో ఖాతా నడవాలి. పిల్ల ఎంపికైన కబురు వచ్చిన రోజే పైసలు చేతికందాలి. తీర్మానం, ఫొటో, శాలువా ఏవీ వద్దు. పోయి వచ్చాక గెలిచిందా ఓడిందా అని అడగకుండా లెక్క రాసుకుంటే చాలు. అన్నిటికంటే ముందు, పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న నెలల్లో సాయంత్రం పూట గ్రౌండ్‌లో నిలబడే మనిషిని చూడాలి. మన బ్యాచ్‌ల్లో రిటైరైన కబడ్డీ ఆటగాళ్లకు కొదవ లేదు. మోకాళ్ల నొప్పులంటారు, కానీ విజిల్ ఊదడానికి మోకాళ్లతో పనిలేదు.

కమాను కోసమే ఇచ్చామనుకునే వాళ్లు అడిగితే వాళ్ల డబ్బు వాపస్ ఇవ్వాల్సిందే, అందులో వాదన లేదు. జూన్‌లో బడి తెరిచేలోగా కోశాధికారి జాబితా గ్రూపులో పెడితే మంచిది. నా పేరు మాత్రం దారి ఖర్చుల వైపు రాసుకోండి.