తీర్చాను, తీర్చను

పొద్దున్నుంచి ముసురు పట్టి బయటికి కదలనివ్వకపోవడంతో, చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన లండన్ హైకోర్టు తీర్పు ఒకటి ఈ రోజు చదివాను. హోలోకాస్ట్‌ను, అంటే హిట్లర్ నాజీలు లక్షలాది యూదులను చంపిన మారణహోమాన్ని, నిరాకరించేవాడని తనను గురించి రాసినందుకు బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ అమెరికన్ చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ మీద, ఆమె ప్రచురణకర్త పెంగ్విన్ మీద 1996లో పరువునష్టం దావా వేశాడు. 2000 ఏప్రిల్ 11న న్యాయమూర్తి చార్లెస్ గ్రే దానిని కొట్టివేశారు.

దావా వేసినవాడు గనుక ఇర్వింగ్ తన సొంత డైరీలను ఎదుటి పక్షానికి చూపక తప్పలేదు. 1994 సెప్టెంబరు నాటి పుటలో, నెలల పసికందైన కూతురి కోసం అతను కట్టిన చిన్న పాట ఉంది: నేను ఆర్యుల పాపను, కోతిని గాని రాస్తఫారియన్‌ను (జమైకాలో నల్లజాతివారిలో పుట్టిన మతానికి చెందినవాణ్ని) గాని పెళ్లాడను అని ఆ పసిబిడ్డ చేత అనిపిస్తాడు. లిప్‌స్టాట్ తరఫు న్యాయవాది రిచర్డ్ రాంప్టన్ దానిని కోర్టులో చదివి వినిపించారు. జోలపాటలో ఇంత విషం కలిపిన తండ్రిని తలచుకుంటే మనసు చేదెక్కింది.

హిట్లర్ మీద అతని పక్షపాతం ఎంత లోతైనదో మరొక చోట తెలిసింది. 1941 నవంబరు 30న, నాజీల ఎస్‌ఎస్ దళాల అధిపతి హిమ్లర్ ఫోన్ సంభాషణల పట్టీలో, బెర్లిన్ నుంచి వెళ్లిన యూదుల రైలు గురించి, ‘చంపవద్దు’ అన్న ముక్క ఉంది. ఆ ఒక్క రైలు మాటను యూదులెవరినీ చంపవద్దని హిట్లర్ ఇచ్చిన ఆజ్ఞగా ఇర్వింగ్ రాశాడు. నిజానికి ఆ రైలులోని సుమారు 1000 మందిని ఆ ఉదయమే లాత్వియాలోని రీగా దగ్గర కాల్చి చంపేశారు. మర్నాటి పట్టీలో, ఎస్‌ఎస్ పాలనాధికారులు అక్కడే ఉండాలి అన్న వాక్యంలోని ‘హాబెన్’ అనే జర్మన్ మాటను అతను ‘యూడెన్’ అని, అంటే యూదులని చదివాడు. అది చదవడంలో జరిగిన పొరపాటని కోర్టులో చెప్పుకున్నాడు.

పాత చేతిరాత ఎంత ఇబ్బంది పెడుతుందో నాకు తెలుసు. తాతగారి ఉత్తరాలకు నకలు రాస్తూ ‘మ’ను ‘య’గా, ‘వ’ను ‘ప’గా ఎన్నోసార్లు చదివాను. అయితే తెలియక చేసే తప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు పడతాయి. ఇర్వింగ్ తప్పులన్నీ హిట్లర్‌ను కాపాడే వైపే ఒరిగాయని న్యాయమూర్తి రాసిన మాట దగ్గర పుస్తకం మూసి, నా నకలు నోటుబుక్కు తీశాను.

ఒక ఉత్తరంలో తాతగారు షావుకారు బాకీ గురించి ‘తీర్చాను’ అన్నారని రాసుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే ఆ దీర్ఘం ఉన్నట్టూ ఉంది, కాగితం మడతలా కూడా ఉంది. అది ‘తీర్చను’ కావచ్చునన్న ఆలోచన ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ రాలేదు. నకలులో ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసి, రేపు ఎండ వస్తే వాకిట్లో చూద్దామని అసలు ఉత్తరాన్ని బల్ల మీదే ఉంచాను.