నాలుగు రోడ్లు, ఒకే సెట్టింగ్: ఐల్ ఆఫ్ మ్యాన్ మౌంటెన్ కోర్స్

టూరిస్ట్ ట్రోఫీ (టీటీ) అనే బైకు రేసు జరిగే మౌంటెన్ కోర్స్‌ను ఏ ఇంజనీరూ కాగితం మీద గీయలేదు. ఐరిష్ సముద్రంలోని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జనం రోజూ పనులకు తిరిగే రోడ్లనే కొన్ని గంటలు మూసి, వాటి మీద బైకులు వదులుతారు. డగ్లస్ పట్టణంలో ఏ2 రోడ్డు మీద మొదలై, ఏ1 పట్టుకుని పడమరకు వెళ్ళి, బల్లాక్రేన్ దగ్గర ఏ3 ఎక్కి ఉత్తరాన రామ్సే చేరి, అక్కడి నుంచి కొండ మీదుగా ఏ18లో మళ్ళీ డగ్లస్‌కు దిగుతుంది. మొత్తం 37.73 మైళ్ళు, అంటే దాదాపు 60.7 కిలోమీటర్లు. మలుపులు 200కు పైనే. తిరిగేది గడియారం ముల్లు దిశలో.

ఈ నాలుగు రోడ్ల స్వభావాలు వేరువేరు. ఒకదానికి సరిపోయిన సస్పెన్షన్ ఇంకోదానికి సరిపోదు, ఒకదానికి కుదిరిన గేరింగ్ (గేర్ల నిష్పత్తి) ఇంకోచోట కుదరదు. ఈ కోర్స్ చరిత్రైనా, బైకుల తయారీ అయినా, గెలుపోటములైనా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతాయి.

అసలు రేసు ఈ దీవికే ఎందుకు వచ్చిందన్నది చట్టం సంగతి. 1903 నాటి చట్టం ప్రకారం బ్రిటన్‌లో మోటారు వాహనాల వేగ పరిమితి గంటకు 20 మైళ్ళు. రేసు కోసం ప్రజా రహదారిని మూయడం అక్కడ కుదరని పని. ఐల్ ఆఫ్ మ్యాన్‌కు టిన్వాల్డ్ అనే సొంత పార్లమెంటు ఉంది. అది 1904లో రోడ్లు మూయడానికి వీలిచ్చే చట్టం చేసింది. ఆ ఏడాదే గోర్డన్ బెన్నెట్ కప్ అనే అంతర్జాతీయ కార్ల రేసుకు బ్రిటిష్ కార్ల ఎంపిక పోటీ అక్కడ జరిగింది. మరుసటి ఏడు మోటారు సైకిళ్ళ వంతు వచ్చేసరికి, కొండ ఎక్కే శక్తి ఆనాటి బైకులకు లేదని తేలి, వాటిని దిగువ రోడ్ల మీదే నడిపారు. మొదటి టూరిస్ట్ ట్రోఫీ కూడా అంతే. 1907 మే 28న సెయింట్ జాన్స్ అనే 15.85 మైళ్ళ చిన్న కోర్స్ మీద పది ల్యాపులు నడిచింది. ఇంధనం కొలిచి ఇచ్చారు: సింగిల్ సిలిండర్ బైకు గ్యాలన్‌కు 90 మైళ్ళు, ట్విన్ 75 మైళ్ళు ఇవ్వాలి. సింగిల్ తరగతిలో మ్యాచ్‌లెస్ మీద చార్లీ కోలియర్ గెలిచాడు, సగటు వేగం గంటకు 38.21 మైళ్ళు. ట్విన్ తరగతి నార్టన్ మీద రెమ్ ఫౌలర్‌ది.

1911లో రేసును కొండ మీదికి మార్చారు. బైకుల చరిత్రలో ఇది చాలా పెద్ద మలుపని నా అభిప్రాయం. అప్పటిదాకా ఒకే గేరు, తోలు బెల్టు డ్రైవ్‌తో నెట్టుకొచ్చిన బైకులు రామ్సే దాటాక ఎక్కలేవు. గేరుబాక్స్ ఉండి తీరాల్సిందే. ఆ ఏడాది సీనియర్ అనే పెద్ద ఇంజన్ల రేసులో రెండు గేర్లూ చైను డ్రైవూ ఉన్న, ‘ఇండియన్’ అనే అమెరికన్ కంపెనీ బైకులు మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయాయి. విజేత ఆలివర్ గాడ్‌ఫ్రే సగటు వేగం 47.63 మైళ్ళు. కోర్స్ మారడంతో యంత్రం ఎలా మారాల్సి వచ్చిందో ఇంత తేటగా చూపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. ఆ ఏడాది ప్రాక్టీసులోనే విక్టర్ సరిడ్జ్ చనిపోయాడు. ఈ కోర్స్ మీద పోయిన తొలి రేసరు అతనే. ఆ తర్వాత ఆ సంఖ్య 260 దాటింది.

1920లో డగ్లస్ దగ్గరి చివరి భాగాన్ని సైన్‌పోస్ట్ కార్నర్, గవర్నర్స్ బ్రిడ్జ్ మీదుగా మార్చారు. అక్కడి నుంచి ఆకారం దాదాపు ఇప్పటిదే. ఇంకో మార్పు రోడ్డులో కాదు, నియమంలో వచ్చింది. 1927 వరకు ప్రాక్టీసు సమయంలో రోడ్లు మూసేవాళ్ళు కాదు. ఆ ఏడాది ఆర్చీ బర్కిన్ ప్రాక్టీసులో చేపల బండిని తప్పించబోయి చనిపోయాడు. 1928 నుంచి ప్రాక్టీసుకు కూడా రోడ్లు మూస్తున్నారు. ఆ మలుపును ఇప్పటికీ బర్కిన్స్ బెండ్ అనే పిలుస్తారు.

ఇక ల్యాప్ సంగతి. రేసు మొదలయ్యే గ్రాండ్‌స్టాండ్ ఉన్నది డగ్లస్‌లో గ్లెన్‌క్రచరీ రోడ్డు మీద. రైడర్లను పది సెకన్లకొకరిని చొప్పున ఒంటరిగా వదులుతారు. అంటే పక్కవాడితో కాదు, గడియారంతో పోటీ. ముందు వెళ్తున్నవాడు గెలుస్తున్నాడని అనుకోవడానికి లేదు. బయలుదేరిన కాసేపటికే బ్రే హిల్ వస్తుంది: ఇరువైపులా ఇళ్ళు, నిటారుగా దిగే వాలు. దిగువకు చేరేసరికి వేగం 250 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ వాలు ఒక్కసారిగా తిరగబడటంతో సస్పెన్షన్ చివరిదాకా అణిగిపోతుంది. పైగా ట్యాంకు నిండుగా ఉంటుంది. ఖాళీ ట్యాంకుతో సరిచూసిన స్ప్రింగు ఇక్కడ చాలదు. వెంటనే ఏగోస్ లీప్ అనే ఎత్తు మీద ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. దాని తర్వాత వచ్చే క్వార్టర్‌బ్రిడ్జ్ మొదటి గట్టి బ్రేకింగ్. టైర్లు ఇంకా చల్లగా ఉంటాయి, బరువు ఎక్కువ, రోడ్డు దిగువకు వాలి ఉంటుంది. 200 మైళ్ళ పైచిలుకు రేసు మొదటి రెండు నిమిషాల్లోనే ముగిసిపోయే చోటు ఇదే. అనుభవజ్ఞులు ఇక్కడ సమయం వెతుక్కోరు.

ఏ1 మీద యూనియన్ మిల్స్, బల్లాగేరీ, గ్రీబా. రాతి గోడల నడుమ వేగంగా తిరిగే రోడ్డు. బల్లాగేరీ కుడి మలుపు లోపల ఏముందో ముందు కనబడదు. జ్ఞాపకాన్ని నమ్మి బైకును వంచాలి. 2010 సీనియర్ రేసులో గై మార్టిన్ పడి బైకు మంటల్లో కాలిపోయింది ఇక్కడే. బల్లాక్రేన్ దగ్గర దాదాపు లంబకోణంలో కుడికి తిరిగితే ఏ3.

ఏ3 మొదట గ్లెన్ హెలెన్ చెట్ల నీడలో మెలికలు తిరుగుతుంది. చెట్ల కింద తడి త్వరగా ఆరదు. మిగతా కోర్స్ పొడిగా ఉన్నా ఇక్కడ చెమ్మ మరకలు మిగులుతాయి. ఎండ కూడా ఆకుల సందుల్లోంచి చారలుగా పడి కంటిని మోసం చేస్తుంది. క్రాంక్-ఈ-వాడీ తిన్నని రోడ్డు దాటాక బ్యారెగ్యారో. ఇక్కడ వాలు దిగి గోడల మధ్య ఎడమకు తిరిగే చోట రోడ్డు ఉన్నట్టుండి చదునవుతుంది. ఫెయిరింగ్ (గాలిని చీల్చే పైతొడుగు) అడుగు నేలకు రాసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. ఇంజను కింద ఉండే ఆయిల్ ఫిల్టరుకో, ఎగ్జాస్టు గొట్టానికో తగినంత ఎడం లేకపోతే ఇక్కడే తెలిసిపోతుంది. కర్క్ మైకేల్ ఊరి మధ్యలోంచి, ఇళ్ళ గుమ్మాల పక్కగా టాప్ గేర్లలో వెళ్ళి, రెన్‌కల్లెన్ దగ్గర మరో గెంతు.

బల్లా బ్రిడ్జ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. పదిహేడో మైలు దగ్గర గూని వీపులాంటి చిన్న వంతెన ఇది. దీని మీద గాల్లోకి లేవకుండా వెళ్ళడం కుదరదు, ఎక్కువ ఎత్తు లేస్తే నష్టం. పద్ధతి ఇది: వంతెన ఎక్కేలోపే బ్రేకింగ్ పూర్తి చేయాలి, బైకు నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. శిఖరం మీద బ్రేకు పట్టుకునే ఉంటే ముందు చక్రం కిందికి వాలి, దిగేటప్పుడు అదే మొదట నేలను తాకుతుంది. చాలామంది పడేది అందుకే. వెనుక చక్రం మొదట దిగాలి, లేదా రెండూ కలిసి. దిగే క్షణంలో థ్రాటిల్ బాగా తెరిచి ఉంటే గాల్లో ఊరికే తిరుగుతున్న చక్రం నేల తాకగానే పట్టు దొరికి చైను మీద గట్టి దెబ్బ పడుతుంది. వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ పైకి లేచినప్పుడు కూడా చైను బిగుసుకోకుండా సరిచూడాలి. బిగువు ఎక్కువైతే గేరుబాక్స్ షాఫ్టు బేరింగు మీదికి భారం వెళ్తుంది. ఒక్క దెబ్బకు తెగకపోవచ్చు. ఆరు ల్యాపుల్లో ఆరు దెబ్బలు తినాలి, రెన్‌కల్లెన్ గెంతు, బ్యారెగ్యారో కుదుపు దీనికి అదనం.

1967 సీనియర్ రేసులో మైక్ హెయిల్‌వుడ్ హోండా మీద, జాకొమో అగస్తీని ఎంవీ అగస్టా మీద హోరాహోరీగా తలపడ్డారు. ఐదో ల్యాప్‌లో విండీ కార్నర్ దగ్గర అగస్తీని బైకు చైను తెగింది. ఆ రేసులో హెయిల్‌వుడ్ నెలకొల్పిన గంటకు 108.77 మైళ్ళ ల్యాప్ రికార్డు 1975 వరకు నిలిచింది.

సల్బీ స్ట్రెయిట్ దాదాపు ఒక మైలు. మొత్తం గేరింగ్‌ను నిర్ణయించేది ఇదే. పై వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. కానీ రోడ్డు నున్నగా లేదు, ఆ వేగంలో హ్యాండిల్ చేతుల్లో వణుకుతూనే ఉంటుంది. సల్బీ బ్రిడ్జ్, జింజర్ హాల్ దాటాక రామ్సే దాకా గతుకులే గతుకులు. హ్యాండిల్ వణుకును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ వదులుగా ఉంటే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. మరీ బిగిస్తే నెమ్మది మలుపుల్లో చెయ్యి తిరగదు, భుజాలు అలిసిపోతాయి. రామ్సే పార్లమెంట్ స్క్వేర్ లాంటి చోట్ల ఆ బిగువు తెలుస్తుంది.

రామ్సే నుంచి నాలుగో రోడ్డు, ఏ18. సముద్ర మట్టానికి దగ్గరి నుంచి 422 మీటర్ల దాకా ఎక్కుడు. వాటర్‌వర్క్స్, గూస్‌నెక్ దాటగానే గోడలూ ఇళ్ళూ పోయి బీడు భూమి, గాలి. మౌంటెన్ మైల్‌లో ఇంజను బలమే లెక్క. తర్వాత వెరాండా, ఒకదాని వెంట ఒకటిగా నాలుగు కుడి మలుపులు. వాటిని ఒకే గీతగా కలిపి వెళ్ళాలి. మొదటి మలుపులో లోపలికి తొందరపడితే నాలుగోదానిలో రోడ్డు అయిపోతుంది, పక్కన లోయ. 2010లో కానర్ కమ్మిన్స్ పడింది ఇక్కడే. దాని తర్వాత బంగళో. ఒకప్పుడు అక్కడున్న హోటల్ పేరు మీద వచ్చిన మాట. వరండా, బంగళా మనకు కొత్త మాటలు కావు, కొండ మీద అవి రెండూ పక్కపక్కన కనిపించడం ముచ్చటగా ఉంటుంది. బంగళో దగ్గర స్నేఫెల్ కొండ రైలు పట్టాలు రోడ్డుకు అడ్డంగా ఉంటాయి, తడిసిన రోజు వాటి మీద బైకు వంచకూడదు.

బ్రాండీవెల్ దగ్గర శిఖరం దాటి 32వ మైలురాయి, విండీ కార్నర్, కెప్పెల్ గేట్ మీదుగా దిగుడు. గొర్రెలు దాటిపోకుండా ఒకప్పుడు రోడ్డుకు అడ్డంగా ఉన్న గేటు నుంచే కెప్పెల్ గేట్‌కు ఆ పేరు. క్రెగ్-నీ-బా, హిల్‌బెర్రీ దాటి సైన్‌పోస్ట్, చివరికి గవర్నర్స్ బ్రిడ్జ్. కోర్స్ మొత్తంలో అతి నెమ్మది మలుపు ఇది. సల్బీ వేగం కోసం పొడుగ్గా (ఎక్కువ వేగానికి సరిపడేలా) పెట్టిన మొదటి గేరుతో ఇక్కడ క్లచ్ జారవిడవాల్సిందే.

కొండకు ఇంకో గుణం ఉంది, పొగమంచు. దాన్ని స్థానికులు మనన్నన్ అనే సముద్ర దేవుడి దుప్పటి అంటారు. పొగమంచు దిగితే రక్షణ హెలికాప్టరు ఎగరలేదు, హెలికాప్టరు ఎగరకపోతే రేసు జరగదు. డగ్లస్‌లో ఎండ కాస్తున్నా రేసు వాయిదా పడటానికి కారణం చాలాసార్లు ఇదే.

ప్రమాదం గురించి మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. 1972లో గిల్బెర్తో పార్లొత్తి చనిపోయాక అగస్తీని ఇక్కడికి రావడం మానేశాడు, 1976 తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా పోయింది. 2000ల్లో బ్రాండిష్, విండీ కార్నర్ వంటి చోట్లను వెడల్పు చేశారు. దానితో చూపు పెరిగింది, వేగమూ పెరిగింది. గోడలు మాత్రం గోడలుగానే ఉన్నాయి.

వేగం ఎలా పెరిగిందో మూడు అంకెల్లో చూడొచ్చు. గంటకు 100 మైళ్ళ సగటు 1957లో గిలెరా మీద బాబ్ మెకింటైర్‌తో, 120 మైళ్ళు 1989లో స్టీవ్ హిస్లప్‌తో, 130 మైళ్ళు 2007లో జాన్ మెక్‌గిన్నెస్‌తో వచ్చాయి. 2023లో పీటర్ హిక్‌మన్ 136.358 మైళ్ళ సగటుతో 16 నిమిషాల 36 సెకన్లలో ల్యాప్ చుట్టాడు. అది కూడా పూర్తి రేసు బైకు మీద కాదు, షోరూమ్ బైకుకు దగ్గరగా ఉండే సూపర్‌స్టాక్ మీద. నాకు అందులో ఆశ్చర్యం లేదు. ఈ రోడ్ల మీద కాస్త మెత్తగా ఒదిగే ఛాసీ (బైకు చట్రం), మరీ గట్టిదానికన్నా రైడరుకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. గట్టి స్ప్రింగు నున్నటి ట్రాక్ మీద సెకన్లు తగ్గిస్తుంది, జింజర్ హాల్ దగ్గర టైరును గాల్లో ఉంచుతుంది.

సీనియర్ రేసు ఆరు ల్యాపులు. రెండేసి ల్యాపులకు, అంటే 121 కిలోమీటర్లకు, ఒకసారి పిట్‌లో ఆగుతారు. ఇంధనం పంపుతో కాదు, ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి తన బరువుతోనే దిగుతుంది. అందుకే నింపడాన్ని తొందరపెట్టడం కుదరదు. ఆ సమయంలోనే వెనుక చక్రం మార్చి, హెల్మెట్ అద్దం తుడుస్తారు.

రేసును దూరం నుంచి గమనించేవాళ్ళకు టైమింగ్ పాయింట్లే కళ్ళు: గ్లెన్ హెలెన్, బల్లా, రామ్సే, బంగళో, క్రాంక్-నీ-మోనా, గ్రాండ్‌స్టాండ్. ఒక రైడరు బల్లాకూ రామ్సేకూ మధ్య ప్రతి ల్యాప్‌లోనూ రెండు సెకన్లు పోగొట్టుకుంటుంటే ముందు సస్పెన్షన్‌నూ డ్యాంపర్‌నూ అనుమానించాలి. రామ్సే నుంచి బంగళో దాకా పోగొట్టుకుంటే ఇంజను బలమో గేరింగో చాలడం లేదు. బంగళో తర్వాత దిగుడులో మాత్రమే వెనకబడితే అక్కడ గాలి ఎటు వీస్తోందో చూడాలి. మొదటి ల్యాప్ గ్లెన్ హెలెన్ దగ్గర వెనకబడ్డవాణ్ని మాత్రం అప్పుడే కొట్టిపారేయకండి. క్వార్టర్‌బ్రిడ్జ్‌ను చల్లటి టైర్లతో, నిండు ట్యాంకుతో జాగ్రత్తగా దాటి ఉంటాడు.