ఎరుపు అడిగితే 31 వచ్చింది
గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కల్లో తేడాలు పట్టడానికి ఆయనకు చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెరలో) తేడా ఉన్న వరుస ఎర్రగా, సరిపోయింది పచ్చగా కనిపిస్తుంది. చూసుకుని మురిసిపోయాను కూడా.

నిన్న ఆ ఫలితాన్ని ఫైలులోకి మళ్లించి ప్రింటు తీశారు. సాయంత్రం ఫోను. "ఈ రైతువి 42 టిక్కీలే కదరా, ముందున్న ఈ 31 ఎక్కడిది?"

తల పట్టుకున్నాను. టెర్మినల్‌కు రంగు వేరే దారిన వెళ్లదు, అక్షరాల మధ్యనే దూరి వెళ్తుంది. ముందు కంటికి కనిపించని ఎస్కేప్ అక్షరం, వెనక చదరపు బ్రాకెట్, 31, ఎం. అదీ ఎరుపు. 32 అయితే ఆకుపచ్చ, 0 అయితే మళ్లీ మామూలు. టెర్మినల్ వాటిని మింగేసి రంగు చూపిస్తుంది. ఫైలు ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. (ఎరుపుకు 31 అని పెట్టినవారు మిర్చి లెక్కలు ఎప్పుడూ చూసి ఉండరు.)

రాత్రి కూర్చుని సరిచేశాను. ఫలితం టెర్మినల్‌కు వెళ్తోందా అని ఇజాటీ (isatty) అనే ఫంక్షన్‌తో అడిగి, అవునంటేనే రంగు. శీర్షిక కింద అంకెలు వంకరగా రావడానికీ కారణం దొరికింది: రంగు సంకేతాల అక్షరాలను కూడా గడి వెడల్పులో లెక్కపెడుతున్నాను! కాగితం మీద రంగు ఉండదు కాబట్టి తేడా వరుసకు నక్షత్రం గుర్తు పెట్టాను.

ఈరోజు ప్రింటు శుభ్రంగా వచ్చింది. బాబాయి ఎర్ర పెన్ను తీసి నక్షత్రాలున్న వరుసల కింద గీతలు గీసుకుంటున్నారు.